ఒనారి మాట్లాడేవాళ్ళు

అక్కా,

ఫోన్లో చెబితే మధ్యలోనే సర్దిచెప్పడం మొదలుపెడతావు. నువ్వు సర్దిచెబితే నేను సర్దుకుపోతాను. ఈసారి సర్దుకుపోయే ఉద్దేశం లేదు కాబట్టి రాస్తున్నాను. పూర్తిగా చదివాకే తిట్టు.

నేను పనిచేసే సీరియల్ నువ్వు చూడవని తెలుసు, అందుకే మొదటినుంచీ చెబుతాను. అందులో ఒక నది ఉంటుంది. పడవల్లోనే పుట్టి పడవల్లోనే పోయే జనం ఉంటారు. లేని నది, లేని జనం. వాళ్ళకో లేని భాష కావాలని నన్ను పిలిచారు. దానికి ఒనారి అని పేరు పెట్టి, మాట మీద మాట పేర్చి కట్టాను. అప్పుడు నువ్వేమన్నావు? "ఉన్న భాషలోనే నీతో వేగలేక చస్తున్నాం, ఇంకోటి దేనికే?" అన్నావు.

మొదటి భాగంలో నదివాళ్ళు నోరు తెరిస్తే ఒనారియే. అర్థం తెర కింద అక్షరాల్లో వచ్చేది. జనం చదివారక్కా. చదివి ఊరుకోలేదు, నేర్చుకున్నారు. ఒకరోజు బస్సులో నా ముందు సీట్లో ఇద్దరు కాలేజీ అమ్మాయిలు కండక్టరు మీసాల గురించి ఒనారిలో గుసగుసలాడుకున్నారు. దిగాల్సిన చోట దిగకుండా ఆఖరి స్టాపు దాకా వాళ్ళ వెనకే కూర్చున్నాను. ఆదివారాలు నేను పాఠం చెప్పే గదిలో కుర్చీలు చాలక కిటికీ అరుగుల మీద కూర్చునేవాళ్ళు.

రెండో భాగంలో నది పిల్లలు బడికెళ్ళి మామూలు భాష నేర్చేశారు. మూడో భాగానికి ఒనారి తిట్టడానికీ, దండం పెట్టడానికీ మిగిలింది. నిన్న నాలుగో భాగం మీటింగు. డైరెక్టరు చాలా మర్యాదగా చెప్పాడు. "జనం కూరలు తరుగుతూ చూస్తున్నారు మేడం. ఒక కన్ను ఫోన్లో పెట్టి చూస్తున్నారు. కింద అక్షరాలు చదివే ఓపిక ఎవరికుంది చెప్పండి?" పక్కనుంచి కథ రాసే ఆయన అందుకున్నాడు. "కారణం కూడా కుదిరిందండీ. నదివాళ్ళు యుద్ధంలో ఓడిపోయారుగా. ఓడినవాళ్ళ భాష మెల్లగా పోతుంది. చాలా సహజంగా ఉంటుంది."

"వాళ్ళని ఓడించింది శత్రువులు కాదు, మీ బద్ధకం" అన్నాను. ఎవరో కాఫీలు చెప్పారు. నా కడుపు మండిపోతుంటే వాళ్ళు చక్కెర ఎక్కువైందని మాట్లాడుకున్నారు.

అందరిలోకీ నా వైపు ఉన్నది ఒక్కరే. నదివాళ్ళ ముసలి రాణిగా వేసే ఆవిడ. సెట్లో అందరూ పెద్దమ్మగారంటారు. నాటకాల్లో గొంతు అరగదీసుకుని వచ్చిన మనిషి. మిగతా నటులు చిలకల్లా వల్లించి వెళ్ళిపోతే ఆవిడ మాత్రం భాష నేర్చుకుంది. మేకప్ కుర్చీలో కూర్చుని, సీనులో లేని మాటలు అడిగేది. మోకాళ్ళు పట్టేస్తే ఏమంటారు? ఫోను చెయ్యని కోడల్ని ఏమంటారు? నేను అక్కడికక్కడే చేసి ఇచ్చేదాన్ని. ఆ ముసలి రాణి ఈ భాగంలో చచ్చిపోతుందట. మామూలు భాషలో చచ్చిపోతుందట.

ఒప్పందం కాపీ దీంతో పెడుతున్నాను. నా భాషని నేను వెనక్కి తీసేసుకోవచ్చేమో చూసి చెప్పు.

నీ పిడుగు

*

పిడుగూ,

చదివాను. తిట్టను. ఒక్కటే అడుగుతాను. తోడబుట్టిన అక్క కోర్టులో నల్లకోటు వేసుకుని ఊళ్ళోవాళ్ళందరికీ కాగితాలు చదివి పెడుతుంటే, సంతకం పెట్టేముందు నీకు గుర్తు రాలేదా?

వెనక్కి తీసుకోలేవు. నువ్వు తయారుచేసిన ప్రతి మాటా వాళ్ళదే, ఇకమీద తయారుచేసేదీ వాళ్ళదే. బయట ఎవరికీ నేర్పకూడదు. ఆదివారం పాఠాలు ఆపమని నోటీసు ఇవ్వగలరు. నువ్వు మీటింగులో నోరు జారావు కాబట్టి ఇస్తారు.

ఇంకో మాట. ఉద్యోగంలో కోపం రావడం నాకూ తెలుసు. ఇది ఉద్యోగం కోపంలా లేదు. నువ్వు చెప్పనిది ఏదో ఉంది.

అక్క

*

అక్కా,

నోటీసు వచ్చింది. నువ్వన్నంతా అయింది. సంతోషించు.

చెప్పనిది ఉంది. ఒనారిలో ఎదురుచూడటానికి మూడు మాటలున్నాయి. వచ్చేవాళ్ళ కోసం చూస్తే ఒకటి, ఇక రానివాళ్ళ కోసం చూస్తే ఒకటి, వస్తారో రారో తెలియకుండా చూస్తే ఒకటి. అభిమానులకి ఆ మూడో మాటంటే ప్రాణం. చొక్కాల మీద అచ్చు వేయించుకున్నారు. అది ఎప్పుడు చేశానో ఎవరికీ చెప్పలేదు. మీ మరిది వెళ్ళిపోయిన ఏడాది చేశాను. ఆయన వారం రోజుల పనని చెప్పి వెళ్ళి, తాళంచెవి కూడా వెంట తీసుకెళ్ళాడు కదా. తాళంచెవి తీసుకెళ్ళిన మనిషి తిరిగొస్తాడనుకుంటాం. ఆ ఏడాదంతా మీరందరూ ఫోన్లు చేసి "ఎలా ఉన్నావు" అని అడిగితే "బాగున్నాను" అనడం తప్ప నాకు ఉన్న భాషలో ఇంకేమీ చెప్పడం చేతకాలేదు. అందుకని లేని భాషలో చెప్పుకున్నాను. కూర్చుని ఒక్కో మాటా చేసుకుంటూ పోతే, ఏడాది గడిచేసరికి బతికే ఉన్నాను.

ఆ మాట కూడా ఇప్పుడు వాళ్ళ ఆస్తి. నా ఏడుపుకి పట్టా వాళ్ళ పేర రాసిచ్చాను.

ఇక పెద్దమ్మగారి సీను. "రాణి చచ్చేముందు పరాయి భాషలో పలవరిస్తుందా నాయనా? జ్వరం వస్తే నువ్వు ఏ భాషలో అమ్మా అంటావు?" అని ఆవిడ డైరెక్టర్ని నిలదీసింది. మాటకి మాట పెరిగాక, సరే, మీ ఇష్టప్రకారమే తీస్తామన్నారు. తీశారు. పడవలో పడుకుని ఒనారిలో మనవడికి జాగ్రత్తలు చెబుతూ ఆవిడ కళ్ళు మూస్తే లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా ముక్కు చీదుకున్నారు. డబ్బింగ్ గదిలో మొన్న ఆ సీను చూశాను. పెదాలు ఆవిడవి. గొంతు ఎవరో పాతికేళ్ళ అమ్మాయిది, ముసలి వణుకు తెచ్చిపెట్టుకుని, మామూలు భాషలో. పెదాలు ఒక దారి, మాట ఒక దారి. తప్పు కనబడకుండా అక్కడ పొగమంచు వేశారు.

నేను పని మానేశాను. తెర మీద వేసే పేర్లలో నా పేరు కొట్టేయమన్నాను. నా దగ్గరున్న ఒనారి అంతా, కంప్యూటర్లో ఉన్నదీ గొంతుతో రికార్డు చేసుకున్నదీ, ఒక్కటి మిగల్చకుండా చెరిపేశాను. వాళ్ళ దగ్గర ఉన్నది వాళ్ళు ఊరగాయ పెట్టుకుంటారేమో పెట్టుకోనీ. నా నోటివెంట ఇక ఒక్క ఒనారి మాట రాదు. సర్దిచెప్పకు.

నీ పిడుగు

*

అక్కా,

కోపం తగ్గిందేమో అనుకుని కవరు చింపుతున్నావేమో, తగ్గలేదు. కానీ జరిగింది చెప్పాలి.

కొత్త భాగం విడుదలకి పెద్ద హాల్లో వేడుక పెట్టారు. నేను వెళ్ళనన్నాను. పెద్దమ్మగారు ఫోను చేసి, "మెట్లెక్కేటప్పుడు పట్టుకోవడానికి ఓ మనిషి కావాలి, నిన్ను నటించమన్నానా?" అంది. వెళ్ళక తప్పలేదు. చివర్లో ఆవిడని స్టేజి మీదకి పిలిచారు. యాంకరమ్మాయి మైకు ఇచ్చి, అభిమానులకి రెండు ముక్కలు చెప్పమంది.

ఆవిడ ఒనారిలో మొదలుపెట్టింది. రెండు ముక్కలతో ఆపలేదు. హాలంతా చప్పట్లు కొట్టింది. అక్కడక్కడా కొందరు నవ్వారు, ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. ముందు వరసలో డైరెక్టరు చిరునవ్వు అలాగే బిగబట్టుకుని కూర్చున్నాడు, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. యాంకరమ్మాయి "అర్థం కూడా చెబుతారా అమ్మా?" అంటే ఆవిడ వేలు పెట్టి నన్ను చూపించింది.

మైకు నా చేతికొచ్చింది. ఒట్టు పెట్టుకున్నదాన్ని, అయినా ఏం చెయ్యను? "నేను పోయేటప్పుడు నా నోట్లో ఇంకొకరి గొంతు పెట్టారు అంటున్నారు" అన్నాను. హాలు కదిలింది. "పడవలు కాలిస్తే మళ్ళీ చేసుకుంటాం, కానీ వీళ్ళు..." అక్కడ ఆగిపోయాను. తర్వాత మాట నాకు తెలియదు. ఆ తర్వాతదీ తెలియదు. అక్కా, ఆవిడ మాట్లాడినదాంట్లో సగం నేను చేసిన మాటలు కావు.

"ఈ మాట నాకు రాదు" అన్నాను మైకులో. జనం నవ్వారు, జోకు అనుకున్నారు. అప్పుడు వెనక వరసల్లోంచి ఒక బట్టతల పెద్దమనిషి లేచి, "నోరు కట్టేసి పాట పాడమనేవాళ్ళు అని అర్థమండీ" అని అరిచి చెప్పి కూర్చున్నాడు. ఎవరో తెలియదు. నా భాషకి నాకే అర్థం చెప్పాడు.

కిందికి దిగాక డైరెక్టరు వచ్చాడు. మర్యాద అంతా స్టేజి మీదే వదిలేసి వచ్చాడు. "ఇకమీద మిమ్మల్ని పిలవం, ఇంతటితో సరి" అన్నాడు ఆవిడతో. పెద్దమ్మగారు నా భుజం మీద బరువంతా వేసి, "చచ్చినదాన్ని ఇంకెలా తీసేస్తావు నాయనా?" అంది.

కారులో అడిగాను, ఆ మాటలెక్కడివని. "మా ఇంట్లోవి" అంది. ఒంటరిగా ఒనారి మాట్లాడుకోవడం పిచ్చిగా ఉందని మనవరాలికి నేర్పిందట. మనవరాలు కాలేజీ స్నేహితురాళ్ళకి నేర్పింది. ఆ బట్టతల ఆయన కింది వాటాలో ఉండే పళ్ళ డాక్టరు. మెట్ల మీద వీళ్ళ మాటలు విని, తన గురించే అనుకుంటున్నారేమోనని అనుమానపడి నేర్చుకున్నాడట. అవసరమైన మాట లేకపోతే చేసుకున్నారు. నన్ను అడగలేదు. నా పాఠాలు ఆగిపోయాక పాతవాళ్ళు కొందరు అక్కడికే చేరారు. నువ్వు చెప్పినట్టు నేను చేసిన మాటలు కంపెనీవి. మరి ఇవి ఎవరివి? లాయరువి, నువ్వే చెప్పు.

మొన్న ఆదివారం వెళ్ళాను. వాళ్ళింటి ముందుగది నిండా మనుషులు, చెప్పులు గుమ్మం దాటి మెట్ల దాకా ఉన్నాయి. గురువు వచ్చిందని ఎవరూ లేచి నిలబడలేదు. మనవరాలు జరిగి చోటిచ్చింది. పళ్ళ డాక్టరు ఎవరి మీదో ఫిర్యాదు చేస్తున్నాడు, అందరూ విరగబడి నవ్వుతున్నారు, నాకు సగమే అందుతోంది. ఒళ్ళు మండింది. క్రియ చివర పెడుతున్నాడు. ఒనారిలో క్రియ ముందు వస్తుంది. ఊరుకోలేకపోయాను. ఆయన మాట ముగియకుండానే ఆపి, వాక్యం మొత్తం సరిగ్గా కట్టి చెప్పాను.

ఆయన ఓపిగ్గా విన్నాడు. పెద్దమ్మగారి వైపు చూశాడు, మనవరాలి వైపు చూశాడు. తర్వాత, కొత్తగా ఊళ్ళోకి వచ్చిన మనిషికి దారి చెప్పినట్టు, మెత్తగా అన్నాడు.

"మేం అలా అనమండీ."

వాదించాను. ఇంటికొచ్చే దాకా ఒంటరిగా కూడా వాదించాను, ఒనారిలోనే. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్ళి ఆయన సంగతి చూడాలి.

నీ పిడుగు