డ్రైవులో అక్షింతలు

ఏమండీ,

మీ పాత కంప్యూటర్ ఇన్నేళ్ళకి ఇవాళ ఫ్లాపీ చదివింది. మీరుంటే నందిగామంతా టముకేసేవారు.

మీరు పోయాక ఇదే మొదటి దసరా. పూజకి దుమ్ము దులుపుదామని దాన్ని ఎత్తితే లోపల ఏదో గలగలమంది. మీరేమో ఎవర్నీ చెయ్యి పెట్టనిచ్చేవారు కాదు. జగ్గయ్యపేట నుంచి వచ్చిన మెకానిక్కుని కూడా, "విప్పితే పాడైపోద్దయ్యా, సెటప్‌లోనే ఏదో తేడా ఉంది" అని కాఫీ ఇచ్చి పంపేశారు. తర్వాత పొద్దస్తమానం సెట్టింగులు మారుస్తూ కూర్చున్నారు.

నేను కుట్టుమిషను స్క్రూడ్రైవర్‌తో విప్పేశాను. ఫ్లాపీ డ్రైవు నిండా అక్షింతలు! ఏటా ఆయుధపూజకి మీరు దానిమీద చల్లినవే. అది మొరాయించినకొద్దీ, "ఈసారి ఇంకో గుప్పెడు కలపవే, గట్టిగా పూజ చేద్దాం" అనేవారు. ఆ గుప్పెడూ ఫ్లాపీ పెట్టే సందులోంచి లోపలికే పోయేది.

అన్నీ ఏరి, పసుపు తుడిచి, ఫ్లాపీ పెట్టాను. గుర్రుమంటూ తిరిగి చదివేసింది. ఈసారి దానికి బొట్టు మాత్రమే పెట్టాను.

పూజయ్యాక మీ కాళ్ళకి దండం పెడితే, కంప్యూటర్‌కి పోను మిగిలిన అక్షింతలు నా నెత్తిన వేసేవారు కదా. ఇవాళ డ్రైవులోంచి ఏరినవాటిలో పుచ్చినవి తీసేసి, మిగతావి నేనే నెత్తిన వేసుకున్నాను. అవీ మీ చేత్తో వేసినవేగా.