ఆటో పట్టా ఎత్తాను

రమణక్కా,

నువ్వు పోయాక ఇది మొదటి చలికాలం. పత్తి తీతకు వెళ్లే ఆటోకి ఈసారి కూడా చలిగాలి రాకుండా రెండు పక్కలా టార్పాలిన్ పట్టాలు దింపేశారు. లోపల పన్నెండు మందిమి, చెవుల్లో దూది పెట్టుకుని, మోకాళ్లకు మోకాళ్లు ఆనించుకుని కూర్చుంటున్నాం. నువ్వు కూర్చునే అంచు చోటు నాకొచ్చింది. అక్కడ కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

జలుబులన్నీ చలికాలంలోనే ఎందుకొస్తాయని నిన్న మన ఆశా కార్యకర్త సుజాతను అడిగాను.

"చలి ఒక్కటే జబ్బు తేదు పిన్నీ. చలికని అన్నీ మూసుకుని ఒకచోట ముడుచుకుంటే ఒకళ్ల దగ్గు ఇంకొకళ్లకి అంటుద్ది. పొడిగాలిలో ఆ వైరస్సు చానాసేపు బతుకుద్ది. ముక్కు చల్లబడితే దాన్ని ఆపే బలం కూడా తగ్గుద్ది" అంది.

నిరుడు నువ్వు రోజూ పట్టా ఎత్తేదానివి. "ఊపిరాడట్లేదే, కాస్త గాలి రానీయండి" అనేదానివి. నీ చేతిలోంచి లాగి దించింది నేనే. "చలికి చంపుతావా ఏంది?" అని అరిచిందీ నేనే.

ఇవాళ పొద్దున నేనే పట్టా ఎత్తి తాడుతో కట్టేశాను. "ఏమే, నీకేం పుట్టింది?" అని అందరూ తిట్టారు. దించనివ్వలేదు. ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచి, ఇంట్లోవాళ్లు మూసిన తలుపు తీసొచ్చాను.

సుజాతను ఇంకో మాట అడగలేకపోయాను. నీకు జ్వరమొచ్చి, నరసరావుపేట ఆసుపత్రికి వెళ్లి తిరిగిరాని ఆ వారం, ఆ ఆటోలో దగ్గుతున్నది నేనొక్కదాన్నే.