ముక్కల్లో తడి

సరోజా,

నువ్వు పోయాక ఇది రెండో ఆవకాయ. ఏటా పిలవకుండానే కత్తిపీటలు పట్టుకొచ్చే వీధి వీధంతా ఈసారి తలుపులేసుకుంది. నా మనవరాలు లావణ్య, తనతో తప్పుగా ప్రవర్తించాడని ట్యూషన్ మాస్టారి మీద పోలీసులకి కంప్లైంటు ఇచ్చింది మరి.

పక్కింటి కోడలు మాత్రం గోడ మీంచి పలకరించింది.

"ఆడపిల్ల భవిష్యత్తు చూసుకోవద్దాండీ, పిన్నిగారూ?"

"చూసుకున్నాను కాబట్టే స్టేషన్‌కి తీసుకెళ్ళానమ్మా. మీ అమ్మాయి ఇంకా ఆయన దగ్గరికే వెళ్తోందా?"

గోడ మీది తల మాయమైంది.

కాలేజీలో లావణ్య పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. మాస్టారు బెయిలు మీద వచ్చి మళ్ళీ పాఠాలు చెబుతున్నాడు. బ్యాచి నిండిపోయిందట.

లావణ్యా నేనూ ఇద్దరమే కాయలు కొట్టాం. ముక్కలు తుడుస్తూ తుడుస్తూ అది ఏడ్చేసింది. రెడ్డిగూడెం తోటలో, నీ పద్నాలుగో ఏట, నువ్వూ ఇలాగే ముక్కలు తుడుస్తూ బాబాయి సంగతి నాకొక్కదానికే చెప్పి ఏడ్చావు. నేను అటూ ఇటూ చూసి, "కళ్ళు తుడుచుకో, ముక్కల్లో తడి పడితే పచ్చడి బూజు పడుతుంది" అన్నాను. తుడుచుకున్నావు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆ పచ్చడి ఏడాదంతా నిక్షేపంగా ఉంది.

లావణ్య కూడా గబగబా కళ్ళొత్తుకుని, "ముక్కలు పాడవుతాయి అమ్మమ్మా" అంది.

"పాడవనీ. నువ్వు ఏడువు" అన్నాను.

ఈ ఏడు పచ్చడి నిలవుండదు, సరోజా.

అక్క