పిట్టగోడ చాటు తగవుకు ఆటగది మూసినందుకు

గ్రంథాలయ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నేను తీర్పు అడిగితే తమరు తాళం వేయడం గురించి.

లారీ తోలి తోలి రిటైరయినవాణ్ణి, తమ గ్రంథాలయంలో శనివారం ఆటబల్ల దగ్గర కూర్చునేవాణ్ణి, రాసుకొను అర్జీ ఏమనగా:

1. ఆ ఆట ఏమిటో తమరికి తెలియదు. తెలియకుండానే మూశారు గనుక ముందు అది చెప్పవలసి వచ్చినది. బల్ల మీద కోట పటం పరుస్తారు. ఒక్కొక్కరికి వేలెడంత బొమ్మ. నాది చాటుమాటుగా వెళ్లి కబురు తెచ్చే వేగులవాడు. ఏం చేస్తామో నోటితో చెప్పాలి, అవుతుందో లేదో పాచికలు తేలుస్తాయి. తగవొస్తే ఆట నడిపేవారి మాటే మాట. నడిపేది తమ ఆఫీసులో పుస్తకాలిచ్చే ఉద్యోగిని. ఆమె నా కోడలు. కోడలని ఆమెను ఎక్కడా వెనకేసుకురాలేదు, రాను.

2. జరిగిన తగవు. నా వేగులవాడు కోటలోకి దూరి నడుమెత్తు పిట్టగోడ వెనక గొంతుక్కూర్చున్నాడు. బురుజు మీద కాపలావాడు ఉన్నాడు. దాక్కున్నవాణ్ణి అందరికీ కనబడేలా బల్ల మీద నిలబెడితే అదేం దాక్కోవడమని నా బొమ్మను తీసి చొక్కా జేబులో వేసుకున్నాను.

"మామయ్యా, బొమ్మ బల్ల మీద పెట్టండి," అంది కోడలు.

"దాక్కున్నాను కదమ్మా. ఎక్కడున్నానో నీకెందుకు?"

"నాకు తెలియాలి. కాపలావాడికి తెలుసో లేదో అప్పుడు చెప్తాను."

"ఆ కాపలావాడి తరఫున ఆడేదీ నువ్వే. నీకు తెలిస్తే వాడికి తెలిసినట్టే."

పక్కన మా బావమరిది ఉన్నాడు. కరెంటు పని చేస్తాడు, ఆటలో మంత్రగాడు. "బావా, బొమ్మ బయటికి తియ్యి. నీ జేబులోంచి కోట ఎట్లా కనబడుద్ది నీకు," అన్నాడు. మా ఆవిడ తమ్ముడు గనుక ఊరుకున్నాను.

బొమ్మ పెట్టాను. అప్పుడు చెప్పింది తీర్పు. పిట్టగోడ సగం చాటేనట. బాణం నుంచి కొంత కాస్తుందట, కంటి నుంచి కాయదట. పైగా కాపలావాడు చూస్తుండగానే గోడ వెనక్కి వెళ్లానట. చూస్తుండగా దాక్కుంటే దాక్కున్నట్టు లెక్క కాదట.

3. అది తప్పుడు తీర్పు. నిలబడ్డవాడికి ఆ గోడ సగం చాటు. గొంతుక్కూర్చున్నవాడికి అదే గోడ నిండు చాటు. నిబంధనల పుస్తకంలో గోడ ఎత్తు రాశారు గాని, మనిషి కూర్చుంటే ఏమగునో రాయలేదు. రాయనిదాన్ని ఆమె తనకు తోచినట్టు చదివింది, నేను నాకు తోచినట్టు చదివాను. బురుజు మీంచి కిందికి చూసేవాడికి గోడ అడ్డమా అని కూడా అడిగింది. దానికి జవాబు నా దగ్గర ఉన్నది, కోపంలో నోటికి రాలేదు. గొంతు మాత్రం లేచింది. పక్క గదిలో పేపరు చదివేవాళ్లు తలుపు బాదారు. బాదనీ.

4. ఆ కోపంలో తమ గదికి వచ్చి "మీ ఉద్యోగిని అన్యాయపు తీర్పులిస్తోంది" అన్నమాట నిజం. తమరు కుర్చీ అయినా చూపించకుండా "చర్య తీసుకుంటాంలే, వెళ్లు పెద్దాయనా" అన్నారు. చర్య అనగా పుస్తకం తెరిచి ఎవరిది రైటో చెప్తారనుకున్నాను. మర్నాడు గదికి తాళం. కోడలిని చిరిగిన పుస్తకాలు అతికే వెనక కొట్లోకి తోశారు. ఫిర్యాదు వచ్చినందున అని ఆమెకిచ్చిన కాగితంలో రాశారు. ఎవరి ఫిర్యాదు? నాది. నా వేలితో నా కన్నే పొడిచారు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టే పని ఇది. దీనికి తమరికి జీతం కూడానా.

5. ఇంటి సంగతి కాగితానికి ఎక్కించేది కాదు, అయినా ఎక్కిస్తున్నాను. బల్ల దగ్గర నాతో నువ్వా నేనా అని వాదించిన మనిషి ఇంట్లో నోరు మెదపడం లేదు. ఏమన్నా "సరే మామయ్యా", "అలాగే మామయ్యా". ఆ ముక్కలు వింటే నాకు ఒళ్లు మండుతుంది. మావాణ్ణి, అనగా ఆమె భర్తను, అడిగితే "నువ్వు పెట్టిన చిచ్చే కద నాన్నా" అని అటు తిరిగి పడుకున్నాడు.

అసలు ఆ బల్ల ఆమె పెట్టినదే. పటాలు ఆమే గీసింది, బొమ్మలకు రంగులు ఆమే వేసింది. లారీ దిగాక పని లేక ఇంట్లో అందరినీ కసురుతూ కూర్చున్న నన్ను "రండి మామయ్యా, అక్కడికొచ్చి కసరండి" అని తీసుకెళ్లిందీ ఆమే.

6. నా వేగులవాడు ఇప్పటికీ ఆ గోడ వెనకే ఉన్నాడు. కాపలావాడు బాణం ఎక్కుపెట్టి ఉన్నాడు. వీడు చచ్చాడో బతికాడో తేల్చవలసినది తమరు కాదు. మా బావమరిది కాదు. నేనూ కాదు.

కావున కోరునది: ఆటగది తాళం తీయవలెను. కోడలిని తన చోటుకి పంపవలెను. ఆమె తీర్పు తప్పు అన్న మాట నేను వాపసు తీసుకోను. కాని ఆ మాట తేలవలసినది ఆ బల్ల దగ్గరే. పాచికలు అడ్డం తిరిగి నా మనిషి చస్తే చావనీ, ఆమె చెప్పగా చస్తాడు. తమ కాగితంతో మాత్రం చావడు.

గుమాస్తా చేతిలో పెట్టి మరిచిపోకుండా, తమరే స్వయముగా చదివి చిత్తగించవలెను. శనివారం దాకా ఆగుతాను. ఆ పైన తమ గది ముందు వరండాలో కూర్చుంటాను. నా గొంతు సంగతి తమరికి తెలుసు.

ఇట్లు,
తమ విధేయుడు (తాళం తీసినచో)

తా.క.: సంతకం పెట్టి మంచినీళ్లకు లేచి వచ్చేసరికి కోడలు ఈ కాగితం మొత్తం చదివేసింది. "మూడో అంశం తప్పు మామయ్యా. కూర్చున్నవాడి గురించి పుస్తకంలో ఉంది, మీరే చూడలేదు," అంది. నేను దిద్దను. ఉంటే నాకు చూపించమన్నాను. ఆ పుస్తకం గదిలో ఉంది. తాళంచెవి తమ దగ్గర ఉంది.