బాపు గుండె మీద గళ్లు

జూన్ 3, 2024

బాపుకి ఆయాసం పెరిగిందని అవ్వ ఫోన్ చేసింది. కన్నవాళ్లిద్దరూ గోదావరిఖనిలో, నేను హైదరాబాద్‌లో ఎం.ఆర్.ఐ. గదిలో స్కాన్లు తీస్తూ. గుండె వాల్వ్ లీకవుతోంది, ఆపరేషన్ చేయించుకోమని డాక్టర్లు ఏడాది క్రితమే చెప్పారు. లీవు దొరకలేదని బాపు ఆగాడు. ముప్పై ఏళ్లు గనిలోకి దిగినవాడికి లీవు దొరకదట. నేను నమ్మాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

జూన్ 6

ఖని వచ్చాను. బాపు నల్లా దగ్గర నుంచి గుమ్మం దాకా వచ్చేలోపు రెండుసార్లు గోడ పట్టుకున్నాడు. ఆపరేషన్ ఎందుకు ఆపావంటే పోయి మంచం మీద కూర్చున్నాడు. అవ్వే చెప్పింది. ఆపరేషన్ అయితే మీ బాపును ఫిట్ అంటరు, పైన సర్ఫేస్ డ్యూటీ ఇస్తరు, ఇగ తమ్మునికి నౌకరి ఏడికెల్లి వస్తది బిడ్డా, అంది.

అదన్నమాట. మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అంటే తండ్రి ఇంటికి, ఆయన ఉద్యోగంలో కొడుకు గనికి. మా గల్లీలో పెళ్లి సంబంధాల కన్నా దీని గురించే ఎక్కువ మాట్లాడుకుంటారు. నాకు ఒళ్లు మండింది. అరిచాను. తమ్ముడు సంపత్ తలొంచుకుని ఆటో తీసుకుని వెళ్లిపోయాడు. బాపు మాత్రం, గింత దానికి లొల్లి ఎందుకు, బోర్డు పిలుస్తది, అది అయినంక కోయించుకుంట, అన్నాడు. గుండె కూడా క్యూలో నిలబడుతుందని ఆయన లెక్క.

జూన్ 9

మా ఆస్పత్రి డాక్టర్ మైత్రి మేడం ఖని పక్కనే జ్యోతినగర్‌లో పెరిగిన మనిషి. వాల్వ్ జబ్బుల్లో గుండె కండ ఎలా ముడుచుకుంటుందో ఎం.ఆర్.ఐ.తో స్టడీ చేస్తోంది. బాపుని తీసుకురమ్మంది. కండలో సత్తువ ఉందని తేలితే వెంటనే ఆపరేషన్ చేయించేస్తానని నా ప్లాన్. బాపుతో మాత్రం, ఈ స్కాన్ చూపిస్తే బోర్డులో నీ కేసుకి బలం అని అబద్ధం చెప్పాను. వెంటనే చొక్కా వేసుకున్నాడు.

జూన్ 12

ఈ స్కాన్‌లో గుండె కండ మీద గళ్లు గీస్తాం. పెన్నుతో కాదు, అయస్కాంతంతో. గుండె ముడుచుకున్నప్పుడల్లా ఆ గళ్లు నలగాలి, తడిబట్ట పిండినట్టు మెలిపడాలి.

మైకులో, గాలి వదిలి ఊపిరి ఆపండి, అన్నాను. బాపుని అండి అనడం ఇదే మొదటిసారి. పాపం, ఆపలేకపోయాడు. మళ్లీ తీశాను. మళ్లీ.

గళ్లు నలగలేదు. గీసినవి గీసినట్టే ఉన్నాయి. మెషిన్‌లో ఏదో తేడా ఉందేమోనని ఇంకోసారి తీశాను. తేడా మెషిన్‌లో లేదు.

జూన్ 13

మేడం కూర్చోబెట్టి చెప్పింది. లీకున్న గుండెకి రక్తం వెనక్కి తోయడం తేలిక. అందుకే ఎకోలో పంపింగ్ చాలాకాలం బాగున్నట్టే కనిపిస్తుంది. లోపల కండ చచ్చిపోతూ ఉంటుంది. ఇప్పుడు లీకు మూస్తే రక్తమంతా ముందుకే తోయాలి, ఆ సత్తువ లేదు, టేబుల్ మీదే పోవచ్చు, సర్జన్ కూడా వద్దంటున్నారు, అంది. పోయినేడు తీసుకొచ్చి ఉంటే చేసేవాళ్లం శోభా, అంది.

ఇవన్నీ నాకు తెలుసు. రోజూ ఇదే పని. అయినా బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చాను.

జూన్ 14, మధ్యాహ్నం 3

బాపుకి చెప్పాను. ఆపరేషన్ కాదు, ఇక మందులే అన్నాను. ఎప్పటికి కాదా, అని అడిగాడు. ఎప్పటికీ కాదన్నాను. అయితే అన్‌ఫిట్ పక్కా అన్నట్టే గదా బిడ్డా, అన్నాడు. ముఖం వెలిగిపోయింది.

కొట్టాలనిపించింది. కాళ్లు పట్టుకోవాలనిపించింది. కిందికి వెళ్లి టీ తెచ్చిచ్చాను.

జూన్ 20

రాయబుద్ధి కావడం లేదు.

జూలై 2

సంపత్ ఫోన్. నాకు ఆ నౌకరి వద్దే అక్కా, ఎట్లనన్న చేసి బాపును బతికియ్యి, అని ఏడ్చాడు. వాడి ఏడుపు విని జాలి, కోపం రెండూ కలిగాయి. ఆ మాట పోయినేడు అనాల్సింది. ఇప్పుడు వీడు చేరకపోతే బాపు ఉత్తపుణ్యానికే పోయినట్టు. నోరు మూసుకుని చేరమన్నాను.

జూలై 18

బోర్డు అన్‌ఫిట్ ఇచ్చింది. బాపు మంచం దిగలేడు కాబట్టి గల్లీలో ఇంటింటికీ మిఠాయి నేనే పంచాను. పూలమ్మత్త ఒక ముక్క నోట్లో వేసుకుని, అదృష్టవంతులు, మా ఆయనను ఎన్నిసార్లు పంపినా ఫిట్టే అంటున్నరు, నువ్వొకసారి గా స్కాన్ తియ్యరాదు బిడ్డా, అంది.

తీస్తానన్నాను.