మీరావలి చివరి పదకొండు నిమిషాలు

విశాఖపట్నం,
20-3-1988.

చిరంజీవి ఖాసింకు అమ్మ సలాములు, దీవెనలు.

"మేమంతా క్షేమం" అని రాయబోతే చెయ్యి ఆగింది. నేను, నీ మరదలు గౌసియా రెండు పూటలా ఇంత తింటున్నాం. అంతవరకు నిజం. నీ ఒంట్లో ఎలా ఉంది? ఓడలో వేళకు తింటున్నావా?

తమ్ముడు మీరావలి బాధపడ్డాడా అని అడిగావు. లేదు నాయనా. ఆటోనగర్‌లో లారీ మీదెక్కి వెల్డింగ్ చేస్తూ జారిపడ్డవాడు మళ్ళీ కళ్ళు తెరవలేదు. ఊపిరి మిషను పెట్టారు. డాక్టరు రమణమూర్తిగారు రెండు రోజులు కళ్ళలో లైటు వేసి చూశారు. మిషను కాసేపు ఆపి చూశారు. వాడంతట వాడు ఒక్క ఊపిరీ తీయలేదు.

"మెదడు పూర్తిగా పోయిందమ్మా. ఇక తిరిగి రాదు. గుండె మిషను వల్లే కొట్టుకుంటోంది," అన్నారు.

"సెయ్యి ఎచ్చగానే ఉంది కద బాబూ?" అన్నాను.

మసీదుకు వెళ్ళి ఇమాం సాహెబుని అడిగాను. "మొన్న డిసెంబర్లో మక్కాలో పండితులు కూకుని ఇదే మాటాడేరమ్మా. ఇలాటప్పుడు మిషను తీసెయ్యొచ్చన్నారు. గాని గుండె ఆగినాకే మరణం. అందాకా నీ కొడుకు బతికున్నోడే. గౌసియా ఇద్దత్, మొగుడు పోయినాక గడపాల్సిన నాలుగు నెల్ల పది రోజులూ అప్పట్నించే లెక్క."

"మరి నాను సంపినట్టు కాదా?"

"ఆయుస్సు నీ సేతిలో లేదు తల్లీ. ఆ మిషను సేతిలోనూ లేదు."

నీ టెలిగ్రాం ఎందుకు ఆలస్యమైందని అడిగావు. ఆలస్యమైందని ముందు ఉత్తరంలో నీకు రాసింది అబద్ధం. బుధవారం పొద్దున్నే అందింది. "నేను వచ్చేవరకు ఆపవద్దు" అన్న మాట రెండుసార్లు చదివాను. నీ ఓడ రేవు చేరడానికే పదహారు రోజులన్నారు. అన్ని రోజులు వాణ్ణి అలా ఉంచడానికి నా మనసు ఒప్పలేదు. కాగితం జాకెట్లో దాచుకుని, డాక్టరుతో సరేనన్నాను. గౌసియాకి కూడా ఈ సంగతి తెలియదు. నీకు తమ్ముడి చివరిచూపు లేకుండా చేసింది నేనే.

మిషను తీశాక పదకొండు నిమిషాలు గుండె ఆడింది. గౌసియా వాడి పాదాలు పట్టుకుంది. నేను చెవిలో కలిమా చెప్పాను. బతికున్నోడేనన్నారు కదా, అందుకని వాడితో మాట్లాడాను. "అన్న కోసం సూడకు నాయనా. అన్నకి నాను సెప్పుకుంటాన్లే, నువ్వెల్లు," అన్నాను.

ఇన్నాళ్ళకి చెప్పుకున్నాను.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ,
మస్తాన్ బీ.