శత్రుఘ్నుడి భార్య పేరు

ఏమండీ, నమస్కారం. మీరు వెళ్ళిపోయి పద్నాలుగు నెలలైంది. ఎలా ఉన్నారని అడగను... అక్కడ ఎలా ఉంటుందో మీకే తెలియాలి. నేను చెబుతుంటే కోడలు సునీత రాస్తోంది. ఒక్క ముక్క కూడా మెత్తబరచి రాయవద్దని ముందే చెప్పాను. ఎందుకంటే ఇది మీ మీద ఫిర్యాదు.

మొన్న ఉగాదికి ఇక్కడి మన తెలుగువాళ్ళు ఫ్లాట్ బుష్ పేట హాల్లో క్విజ్ పెట్టారు. నేను, సునీత, మనవరాలు శ్రావ్య ఒక జట్టు. అక్షరం ముక్క రాని ముసలిదానికి క్విజ్ ఏమిటని వెనక ఎవరో గుసగుసలాడారు, నాకు వినబడేలాగే. అడిగేది నోటితో, చెప్పేది నోటితో, మధ్యలో చదువుకేం పని అని నేనూ వినబడేలాగే అన్నాను.

నిజానికి నాకు వెళ్ళాలని లేదు. మీరు పోయాక దేని మీదికీ మనసు పోవడం లేదు, ఒంట్లో ఓపికా లేదు. కానీ మీరు నేర్పినవన్నీ లోపల పెట్టుకుని ఏం చేసుకోను?

నేను కూరలు తరుగుతుంటే పేపరు పట్టుకుని పక్కన కూర్చునేవారు. ఈ దేశం వచ్చాక, వీధి మూలనున్న డైరీ కొట్టుకి పాల కోసం నడిచేటప్పుడూ అంతే. కౌరవుల చెల్లెలెవరు? కాకతీయుల సింహాసనం ఎక్కిన ఆడమనిషి ఎవరు? సినిమాకి మాటలు రాని రోజుల్లో హాల్లో కథ ఎవరు చెప్పేవారు? మధ్యలో ఓ పొడుపు కథ... తెల్లవాళ్ళ వాడలో ఒక్కడే ఎర్రవాడు, తగవులన్నీ వాడివే, ఎవడు? నేను జవాబు చెప్పకుండా నాలుక చాపితే మీరు రోడ్డు మీదే పడీపడీ నవ్వేవారు. ఎదురొచ్చే ఈ దేశపు కివీలు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వి హలో అనేవారు.

"తెలియకపోతే తెలియదను వరాలూ. తప్పు జవాబు మాత్రం చెప్పకు." ఇది మీ మాటే కదా?

ఆఖరి ప్రశ్నకి మేమూ న్యూ లిన్ పేట జట్టువాళ్ళూ సమానంగా ఉన్నాం. మైకు పట్టుకున్న కుర్రాడు అడిగాడు, రామాయణంలో శత్రుఘ్నుడి భార్య పేరేమిటని. నా గుండె ఎగిరింది. యాభై ఏళ్ళుగా నా నోట్లో ఉన్న జవాబు! సునీత చెయ్యి పట్టుకుని లాగుతున్నా ఆగలేదు. లేచి నిలబడి గట్టిగా చెప్పాను... వరాలు అని.

అడిగింది మీ పేరు కాదు ఆంటీ అన్నాడా కుర్రాడు. హాలంతా ఒకటే నవ్వు. నేనూరుకుంటానా? మా ఆయన చెప్పారన్నాను. మా ఆయనకంటే నీకెక్కువ తెలుసా అన్నాను. న్యూ లిన్ వాళ్ళు శ్రుతకీర్తి అన్నారు, చప్పట్లు మోగాయి. ఇంటికొచ్చేదాకా శ్రావ్య కారు కిటికీలోంచి బయటికే చూసింది.

తరవాత శ్రావ్యే కంప్యూటర్లో వెతికింది. నేను గుడిలో పంతులుగారిని అడిగాను. శ్రుతకీర్తే. అప్పుడు పట్టుకుంది అసలు భయం... మీరు చెప్పినవన్నీ ఇలాంటివేనా? చదవగలిగినవాళ్ళకి ఇంకో దారి ఉంటుంది. నాకున్న లోకమంతా మీ నోటి మీదుగా వచ్చిందే. రుద్రమ కూడా మీరు కల్పించిన మనిషేనా? వారం రోజులు అన్నం సయించలేదండీ.

చివరికి ఫోన్ కార్డు గీకి మీ చెల్లెలు కాంతానికి ఫోన్ చేశాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వకుండా పాత సంగతి చెప్పింది.

కాపురానికొచ్చిన కొత్తలో, వరాలంటే గేదె పేరులా ఉందని పేరంటాళ్ళు నవ్వితే నేను పెరట్లో కూర్చుని ఏడ్చాను, గుర్తుందా? ఆ సాయంత్రం మీరు పక్కన కూర్చుని అన్నారు. "పిచ్చిదానా, శత్రుఘ్నుడి భార్య పేరు వరాలే. అంత పెద్దింటి కోడలి పేరు నీది." అంతవరకే నాకు తెలుసు. ఆ తరవాత మీరు వంటింట్లోకి వెళ్ళి, ఈ మాట ఎవరూ కాదనకూడదని అమ్మకీ చెల్లెలికీ చేతులు జోడించారట. గంజి వార్చడం దగ్గర్నుంచి ప్రతిదానికీ నన్ను దెప్పిన మీ అమ్మ, పోయేదాకా ఆ ఒక్కదాని జోలికి రాలేదు...

ఇంతమందికి తెలిసి నా ఒక్కదానికే తెలియకుండా ఎలా దాచారండీ? ఆసుపత్రిలో ఆ చివరి రోజుల్లోనైనా చెప్పాలనిపించలేదా? లేక చెప్పీ చెప్పీ మీరే నమ్మేశారా?

మీరు చెప్పిన తక్కినవి కూడా వెతుకుతానంది శ్రావ్య. రెండు మూడు చూసింది, సరిగానే ఉన్నాయి. ఇక చాలన్నాను. మిగిలినవి మీ మాట మీదే ఉండనీ.

కోపం పోలేదు. హాల్లో నవ్వింది నన్ను చూసి కదా, మిమ్మల్ని చూసి కాదు. కాకపోతే అలిసిపోయాను... కోపాన్ని కూడా ఎక్కువసేపు మోయలేకపోతున్నాను.

నిన్న ఆ కుర్రాడు ఫోన్ చేశాడు. వచ్చే ఉగాదికి రామాయణం ప్రశ్నలు తీసేస్తాం, మీరు తప్పకుండా రావాలి ఆంటీ అని. తీయడానికి వీల్లేదన్నాను. మళ్ళీ అదే అడగమన్నాను.

అడిగితే శ్రుతకీర్తి అనే చెబుతానండీ, మాటిస్తున్నాను. పాపం, యాభై ఏళ్ళు ఆ తల్లి పీట మీద నేను కూర్చున్నాను. నలుగురిలో లేచి ఆవిడ పీట ఆవిడకి ఇచ్చేస్తాను.

మీ దగ్గరికి వచ్చిన రోజున మాత్రం ముందు నేనే అడుగుతాను, శత్రుఘ్నుడి భార్య పేరేమిటని. మీరు మళ్ళీ ఆ తప్పు జవాబే చెప్పాలి.